పక్షవాతం తొలి గంటల్లో మెదడు స్కాన్

మెదడుకు రక్తం అందించే నాళం హఠాత్తుగా మూసుకుపోవడం వల్లనో, చిట్లడం వల్లనో వచ్చే జబ్బు పక్షవాతం. ఆసుపత్రుల్లో దీన్ని స్ట్రోక్ అంటారు. కాలూ చెయ్యీ పడిపోవడం, మూతి వంకరపోవడం, మాట తడబడటం దీని ప్రధాన లక్షణాలు. ఇవి మొదలైన తొలి గంటల్లో సీటీ, ఎమ్మారై యంత్రాలతో మెదడును చిత్రించి, వచ్చింది ఏ రకం పక్షవాతమో, ఎంత భాగం చనిపోయిందో, ఇంకా ఎంత భాగాన్ని కాపాడవచ్చో తేల్చే పద్ధతులను ఈ వ్యాసం వివరిస్తుంది. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లోని ఏర్పాట్లను, ముఖ్యంగా ఆంధ్ర–తమిళనాడు సరిహద్దులోని తడ వంటి ఊళ్ల పరిస్థితిని ఉదాహరణగా తీసుకుంటుంది.

రకాలు

పక్షవాతంలో రెండు పెద్ద తెగలున్నాయి. ధమనిలో రక్తపు గడ్డ అడ్డుపడి మెదడులో కొంత భాగానికి రక్తం ఆగిపోయేది మొదటిది. దీన్ని ఇస్కీమిక్ స్ట్రోక్ అంటారు. ప్రపంచం మొత్తం మీద వచ్చే పక్షవాతాల్లో సుమారు మూడింట రెండు వంతులు ఈ తెగవే. రెండోది రక్తస్రావం. నాళం చిట్లి మెదడు కణజాలంలోకే రక్తం చేరవచ్చు, లేదా మెదడును కప్పి ఉంచే పొరల మధ్య చేరవచ్చు. పొరల మధ్య చేరితే సబరక్నాయిడ్ రక్తస్రావం అంటారు. ధమనుల్లో కాక మెదడు సిరల్లో గడ్డ కట్టే పక్షవాతం కూడా ఉంది. తెలుగు ప్రాంతాల్లో దానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది (చూ. తెలుగు ప్రాంతాల్లో కనిపించే విశేషాలు). లక్షణాలు కొద్దిసేపు కనిపించి, మెదడులో శాశ్వత నష్టం మిగల్చకుండా తగ్గిపోతే దాన్ని టీఐఏ అంటారు. లక్షణాలు 24 గంటల్లోపు తగ్గితే టీఐఏ, ఆపైన నిలిస్తే పక్షవాతం అని పూర్వం లెక్కవేసేవారు. ఎమ్మారై వచ్చాక ఆ గీత నిలవలేదు. గంటలోపే కోలుకున్న కొందరి మెదడులో కూడా చనిపోయిన కణజాలం కనిపించింది. అందుకే అమెరికా వైద్యసంఘాలు 2009లో కాలపరిమితిని వదిలి, కణజాలం చనిపోయిందా లేదా అన్నదే ప్రమాణంగా టీఐఏకు కొత్త నిర్వచనం ఇచ్చాయి.

గడ్డ వల్ల వచ్చిన పక్షవాతాన్ని, రక్తస్రావం వల్ల వచ్చినదాన్ని మంచం పక్కన నిలబడి వేరుచేయడం సాధ్యం కాదు. తీవ్రమైన తలనొప్పి, వాంతులు, బాగా పెరిగిన రక్తపోటు ఉంటే రక్తస్రావం అనిపిస్తుంది. అయినా ఆ అనుమానం చాలాసార్లు తప్పుతుంది. రెంటి చికిత్సలూ పరస్పర విరుద్ధం. ఒకదానిలో గడ్డను కరిగించాలి, రెండోదానిలో రక్తం కారకుండా ఆపాలి. ఒకదానికి ఇచ్చే మందు రెండోదానిలో ప్రాణం తీయగలదు. చికిత్సకు ముందు స్కాన్ తప్పనిసరి కావడానికి మూలకారణం ఇదే.

మెదడు కణజాలంలో జరిగేది

ఆరోగ్యంగా ఉన్న మెదడులో ప్రతి 100 గ్రాముల కణజాలానికి నిమిషానికి సుమారు 50 మిల్లీలీటర్ల రక్తం అందుతుంది. ఆ ప్రవాహం 20 మిల్లీలీటర్ల దగ్గరికి పడిపోతే నాడీకణాలు పని ఆపేస్తాయి, కానీ చనిపోవు. 10 మిల్లీలీటర్ల దిగువకు పడితే కణపు పొరల్లోని అయాన్ పంపులు ఆగి, నీరు లోపలికి చొరబడి, కొద్ది నిమిషాల్లోనే కణం చనిపోవడం మొదలవుతుంది. గడ్డ అడ్డుపడిన చోట నడిమధ్య భాగం ఇలా త్వరగా చనిపోతుంది. దాని చుట్టూ పనిచేయకపోయినా ప్రాణంతో ఉన్న ప్రాంతం కొంత మిగులుతుంది. 1981లో ఆస్ట్రప్, సీస్యో, సైమన్ అనే శాస్త్రవేత్తలు ఈ ప్రాంతానికి పెనంబ్రా అన్న భావనను స్థిరపరిచారు. తొలి గంటల చికిత్స అంతా ఈ పెనంబ్రాను కాపాడటం కోసమే.

పెద్ద ధమని మూసుకుపోయిన రోగికి చికిత్స అందకపోతే నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు నశిస్తాయని 2006లో అమెరికా న్యూరాలజిస్టు జెఫ్రీ సేవర్ లెక్కకట్టాడు. ఇది సగటు మాత్రమే. పక్కదారుల్లో రక్తం చేర్చే చిన్న నాళాలు కొందరిలో బలంగా ఉంటాయి, కొందరిలో ఉండవు. అందువల్ల ఒకరిలో రెండు గంటల్లో చనిపోయే భాగం మరొకరిలో పది గంటల దాకా నిలవవచ్చు. ఈ తేడాను గడియారం చెప్పలేదు, స్కాన్ చెప్పగలదు.

చరిత్ర

ఎక్స్‌రే కిరణాలు పుర్రె ఎముకను చూపగలవు గాని, దాని లోపలి మెత్తని మెదడును చూపలేవు. ఆ ఇబ్బందిని దాటడానికి అమెరికా శస్త్రవైద్యుడు వాల్టర్ డాండీ 1918లో మెదడు గదుల్లోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. పోర్చుగల్‌కు చెందిన ఎగాస్ మోనిజ్ 1927లో మెడ ధమనిలోకి కాంట్రాస్టు ద్రవం ఎక్కించి మెదడు రక్తనాళాలను చిత్రించాడు (చూ. ఆంజియోగ్రఫీ). రెండు పద్ధతులూ బాధాకరమైనవే, ప్రమాదం కూడా ఉన్నవే. పక్షవాతం వచ్చిన గంటలోనో రెండు గంటల్లోనో వాడుకునేంత సులువు వాటికి లేదు.

మార్పు సీటీతో వచ్చింది. ఇంగ్లండులోని ఈఎంఐ సంస్థ ఇంజనీరు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి మెదడును స్కాన్ చేశారు. ఆమె మెదడు ముందుభాగంలో కణితి ఉందన్న అనుమానం ఆ చిత్రంలో స్పష్టంగా రుజువైంది. గణితపరమైన పునాది వేసిన అలన్ కార్మాక్‌తో కలిసి హౌన్స్‌ఫీల్డ్ 1979లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఎమ్మారైకి దారివేసిన పాల్ లాటర్‌బర్ పరిశోధన 1973లో వెలువడింది. ఆయనకూ పీటర్ మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ దక్కింది. పక్షవాతం విషయంలో ఎమ్మారైకి అసలు విలువ తెచ్చింది నీటి అణువుల కదలికను చిత్రించే డిఫ్యూజన్ పద్ధతి. 1980ల మధ్యలో ఫ్రాన్సులో డెనీ ల బియాన్ దాన్ని రూపొందించాడు. రక్తం ఆగిన మెదడు ఆ చిత్రంలో చాలా త్వరగా బయటపడుతుందని 1990లో మైకేల్ మోస్లీ బృందం పిల్లులపై చూపింది.

అయినా చాలాకాలం స్కాన్ రోగ నిర్ధారణకే తప్ప చికిత్సకు పెద్దగా ఉపయోగపడలేదు. గడ్డను కరిగించే ఆల్టెప్లేస్ మందును మూడు గంటల్లోపు ఇస్తే వైకల్యం తగ్గుతుందని అమెరికాలో 624 మంది రోగులపై జరిగిన ఎన్‌ఐఎన్‌డీఎస్ పరీక్ష 1995లో తేల్చింది. దాంతో తొలి సీటీ ఎప్పుడో ఒకప్పుడు తీయించుకునే పరీక్షగా కాక నిమిషాల మీద జరగాల్సిన పనిగా మారింది.

సీటీ స్కాన్

సీటీ యంత్రం తల చుట్టూ తిరుగుతూ అనేక కోణాల్లో ఎక్స్‌రే కిరణాలు పంపి, అవి ఎక్కడ ఎంత ఆగాయో కొలిచి, కంప్యూటర్ లెక్కతో అడ్డుకోతల చిత్రాలు తయారుచేస్తుంది. సాంద్రతను హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లలో కొలుస్తారు. నీటికి సున్నా, గాలికి మైనస్ 1000. తాజా రక్తం సుమారు 60 నుంచి 80 యూనిట్ల దగ్గర ఉండి, దానికంటే తక్కువ సాంద్రత గల మెదడు కణజాలం మధ్య తెల్లగా కనిపిస్తుంది. కాంట్రాస్టు లేని సాదా సీటీ తీయడానికి కొద్ది సెకన్లే పడుతుంది. రోగిని బల్లమీదికి చేర్చి దించడానికి పట్టే సమయమే ఎక్కువ.

తొలి సీటీని వైద్యులు మొదట అడిగే ప్రశ్న రక్తం ఉందా లేదా అన్నదే. దానికి సీటీ దాదాపు ఖచ్చితమైన సమాధానం ఇస్తుంది. సబరక్నాయిడ్ రక్తస్రావంలో కూడా తలనొప్పి మొదలైన ఆరు గంటల్లోపు ఆధునిక యంత్రంతో తీసి, అనుభవజ్ఞుడైన రేడియాలజిస్టు చదివితే సీటీ దాన్ని వదిలిపెట్టడం చాలా అరుదు. రోజులు గడిచేకొద్దీ ఆ బలం తగ్గుతుంది.

గడ్డ వల్ల వచ్చిన పక్షవాతం విషయంలో సీటీకి ఇంత బలం లేదు. చనిపోతున్న కణజాలంలోకి నీరు చేరి సాంద్రత తగ్గితేనే అది సీటీలో నల్లబారుతుంది. కణజాలంలో నీరు ఒక శాతం పెరిగితే తగ్గే సాంద్రత రెండున్నర యూనిట్ల దాకా మాత్రమే. ఇంత చిన్న తేడా కంటికి ఆనాలంటే గంటలు పడుతుంది. 356 మంది రోగులపై జరిగి 2007లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం, పక్షవాతాన్ని గుర్తించడంలో ఎమ్మారై 83 శాతం, సాదా సీటీ 26 శాతం సఫలమయ్యాయి. కాబట్టి తొలి గంటల్లో తీసిన సీటీ మామూలుగా ఉండటం పక్షవాతం లేదనడానికి రుజువు కాదు. స్కాన్‌లో ఏమీ లేదన్న మాట విని రోగిని ఇంటికి తీసుకుపోవడం తప్పించగల నష్టం. ఆ రిపోర్టుకు అర్థం రక్తస్రావం లేదని, అంటే గడ్డను కరిగించే మందు గురించి వెంటనే ఆలోచించవచ్చని.

అలాగని తొలి సీటీలో గుర్తులు అసలే ఉండవని కాదు. గడ్డ ఉన్న మధ్య మస్తిష్క ధమని తెల్లని గీతలా కనిపించవచ్చు. బూడిదరంగు, తెల్లరంగు పదార్థాల మధ్య హద్దు చెరిగిపోవచ్చు. ఇన్సులా అనే భాగపు అంచు మసకబారవచ్చు. మెదడు మడతల మధ్య సందులు పూడుకుపోవచ్చు. ఇవి కనబడాలంటే చిత్రపు వెలుగునీడలను ఇరుకు పరిధిలో సరిచేసుకుని, రెండు పక్కలనూ పోల్చి చూడాలి. కెనడాలోని కాల్గరీ వైద్యులు 2000లో ప్రకటించిన ఆస్పెక్ట్స్ కొలమానం ఈ చూపును ఒక క్రమంలో పెట్టింది. మధ్య మస్తిష్క ధమని పోషించే ప్రాంతాన్ని పది భాగాలు చేసి, దెబ్బతిన్న ప్రతి భాగానికీ పదిలోంచి ఒక మార్కు తీసేస్తారు. పది వస్తే నష్టం ఇంకా కనిపించలేదని, సున్నా వస్తే ఆ ప్రాంతమంతా పోయిందని లెక్క.

మెదడు వెనుక, అడుగుభాగాల్లో సీటీ బలహీనం. చెవుల వెనుక ఉండే గట్టి ఎముకలు కిరణాలను చెదరగొట్టి చిన్నమెదడు, మెదడు కాండం చిత్రాలపై చారలు పరుస్తాయి. తలతిరుగుడు, తూలిపడటం, రెండుగా కనిపించడం వంటి లక్షణాలతో వచ్చే పక్షవాతం ఇక్కడే దాగి ఉంటుంది.

సీటీ ఆంజియోగ్రామ్, పర్ఫ్యూజన్

చేతి సిరలోకి అయోడిన్ కాంట్రాస్టు ఎక్కించి, గుండె పైనుంచి మెదడు దాకా ధమనులను చిత్రించేది సీటీ ఆంజియోగ్రామ్. మెడలో గాని, పుర్రె లోపల గాని పెద్ద నాళం మూసుకుపోయిందా అన్నది దీనితో తేలుతుంది. పెద్ద నాళంలోని పెద్ద గడ్డ మందుకు కరగడం కష్టం. దాన్ని తొడలోని ధమని ద్వారా సన్నని గొట్టం పంపి బయటికి లాగాలి. ఈ చికిత్స పేరు థ్రాంబెక్టమీ. 2015లో ఐదు పెద్ద పరీక్షలు దాని ప్రయోజనాన్ని వరుసగా రుజువు చేశాక, అనుమానం ఉన్నచోట ఆంజియోగ్రామ్ కూడా తొలి స్కాన్‌లో భాగమైంది.

పర్ఫ్యూజన్ స్కాన్‌లో కాంట్రాస్టు మెదడులోకి చేరి బయటికి వెళ్లే తీరును ఒక నిమిషం పాటు వరుస చిత్రాలుగా తీస్తారు. రక్తప్రవాహం ఆరోగ్యకరమైన పక్కతో పోలిస్తే 30 శాతం దిగువకు పడిపోయిన భాగాన్ని చనిపోయినదిగా, రక్తం ఆరు సెకన్లకు మించి ఆలస్యంగా చేరే భాగాన్ని ప్రమాదంలో ఉన్నదిగా సాఫ్ట్‌వేర్ రంగులు వేసి చూపుతుంది. ఈ రెంటి తేడాయే కాపాడగల పెనంబ్రా. ఈ అంకెలు అంచనాలే. గుండె బలహీనంగా ఉన్నా, స్కాన్ సమయంలో తల కదిలినా లెక్క తప్పుతుంది.

ఎమ్మారై

ఎమ్మారైలో ఎక్స్‌రే కిరణాలు ఉండవు. బలమైన అయస్కాంతం, రేడియో తరంగాల సాయంతో శరీరంలోని నీటిలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాల నుంచి సంకేతాలు రాబడతారు. పక్షవాతంలో వాడే చిత్రవరుసలు కొన్నే. డిఫ్యూజన్ చిత్రంలో రక్తం ఆగిన భాగం నిమిషాల్లోనే మెరుస్తుంది. అయాన్ పంపులు ఆగి నీరు కణాల లోపల చిక్కుకోవడం వల్ల అక్కడ నీటి అణువుల కదలిక తగ్గడమే దీనికి కారణం. ఆ కదలికను లెక్కకట్టి చూపే ఏడీసీ పటంలో అదే చోటు నల్లగా ఉంటే మెరుపు నిజమైనదని నిర్ధారిస్తారు. రక్తస్రావాన్ని, పాత చిన్న రక్తపు చుక్కలను చూపడానికి గ్రేడియంట్ ఎకో లేదా ఎస్‌డబ్ల్యూఐ వరుస తీస్తారు.

మూడోది ఫ్లెయిర్. కొత్త పక్షవాతం ఇందులో బయటపడటానికి కొన్ని గంటలు పడుతుంది. నిద్రలేచేసరికే చెయ్యి పడిపోయి ఉన్న రోగుల విషయంలో ఈ ఆలస్యమే ఉపయోగపడింది. ఇలాంటివారు పక్షవాత రోగుల్లో సుమారు ఐదింట ఒక వంతు. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయో తెలియదు కాబట్టి వీళ్లకు మందు ఇచ్చేవారు కాదు. డిఫ్యూజన్‌లో మచ్చ కనిపించి ఫ్లెయిర్‌లో ఇంకా కనిపించకపోతే, వచ్చి నాలుగున్నర గంటలు (మూడు గంటల నుంచి పెరిగిన మందు గడువు) దాటి ఉండదని ఊహించి మందు ఇచ్చారు యూరప్ వైద్యులు. 503 మందిపై జరిగి 2018లో ఫలితాలు వెలువడిన వేకప్ పరీక్షలో, మందు తీసుకున్నవారిలో 53.3 శాతం మంది బాగా కోలుకున్నారు. తీసుకోనివారిలో ఆ సంఖ్య 41.8 శాతం.

ఎమ్మారైకి సమయం ఎక్కువ పడుతుంది. రోగి కదలకుండా పడుకోవాలి. పేస్‌మేకర్ గాని, శరీరంలో లోహపు ముక్క గాని ఉంటే ముందుగా విచారించాలి. మెదడు కాండంలోని చిన్న పక్షవాతాలు కొన్ని తొలిరోజు డిఫ్యూజన్‌కు కూడా దొరకవు. అందుకే చాలా ఆసుపత్రుల్లో తొలి పరీక్ష సీటీయే. సందేహం మిగిలినచోట, నిద్రలో వచ్చినచోట, వెనుకభాగపు లక్షణాలు ఉన్నచోట ఎమ్మారై చేస్తారు.

చిత్రం నుంచి చికిత్సకు

ఆసుపత్రికి చేరిన 20 నిమిషాల్లో స్కాన్, గంటలోపు మందు అన్నది అంతర్జాతీయంగా పెట్టుకున్న గురి. రోగి చివరిసారిగా మామూలుగా ఉన్నట్టు ఎవరైనా చూసిన సమయం నుంచి గడియారం లెక్కవేస్తారు. రక్తస్రావం లేదని తేలి నాలుగున్నర గంటలు దాటకపోతే ఆల్టెప్లేస్‌ను కిలో బరువుకు 0.9 మిల్లీగ్రాముల చొప్పున, లేదా ఒకే మోతాదుగా ఇచ్చే టెనెక్టెప్లేస్‌ను ఇస్తారు. ఈ మందుకు కూడా మూల్యం ఉంది. 1995 నాటి పరీక్షలో మందు తీసుకున్నవారిలో 6.4 శాతం మందికి లక్షణాలు కలిగించేంత రక్తస్రావం మెదడులో జరిగింది. తీసుకోనివారిలో అది 0.6 శాతం. మందు ఇవ్వబోయే ముందు గ్లూకోజు చూడటం తప్పనిసరి. రక్తంలో చక్కెర బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది.

గడ్డను లాగేసే చికిత్సకు మొదట ఆరు గంటలే గడువు. స్కాన్ సాయంతో కాపాడగల మెదడు ఉన్నవారిని ఎంచుకుంటే 24 గంటల దాకా ప్రయోజనం ఉంటుందని 2018లో డాన్, డిఫ్యూజ్ 3 పరీక్షలు చూపాయి. డాన్‌లో చికిత్స పొందినవారిలో 49 శాతం మంది మూడు నెలలకు సొంతంగా బతకగలిగారు. మందులతో సరిపెట్టినవారిలో 13 శాతమే. పెద్ద భాగం అప్పటికే పోయిన రోగుల్లో కొందరికి కూడా మేలు జరుగుతుందని 2022 తర్వాతి పరీక్షలు తేల్చాయి. ఇప్పుడు ఒక రోగి గడువు దాటాడా లేదా అన్నది గంటలతో పాటు చిత్రాన్ని బట్టి కూడా నిర్ణయమవుతోంది.

తెలుగు ప్రాంతాల్లో కనిపించే విశేషాలు

హైదరాబాదులోని నిమ్స్‌లో న్యూరాలజిస్టు సుభాష్ కౌల్ బృందం నడిపిన హైదరాబాద్ స్ట్రోక్ రిజిస్ట్రీ ఇక్కడి పక్షవాతపు తీరు పాశ్చాత్య దేశాలకు భిన్నమని చూపింది. అక్కడ మెడలోని కెరోటిడ్ ధమని బిరుసెక్కడం ప్రధానం. ఇక్కడ పుర్రె లోపలి ధమనులు ఇరుకైపోవడం ఎక్కువ. మెడకు అల్ట్రాసౌండ్ చేసి బాగుందని వదిలేస్తే వ్యాధి మూలం చేజారుతుంది. పుర్రె లోపలి నాళాలను చూపే సీటీ లేదా ఎమ్మార్ ఆంజియోగ్రామ్ అవసరం.

సిరల పక్షవాతం మరో విశేషం. నిమ్స్ బృందమే 428 మంది ఇలాంటి రోగుల వివరాలను 2012లో ప్రచురించింది. యువతీయువకులకు, ముఖ్యంగా కాన్పు తర్వాతి వారాల్లో స్త్రీలకు ఇది వస్తుంది. తలనొప్పి, మూర్ఛ, ఆపైన చెయ్యి పడిపోవడం వరుసగా కనిపిస్తాయి. సాదా సీటీలో ఏ ధమని పరిధికీ సరిపోలని మచ్చ, దానిలో రక్తపు మరకలు కనిపిస్తే సిరలను చూపే వీనోగ్రామ్ తీయాలి. విచిత్రమేమంటే మచ్చలో రక్తం ఉన్నా ఇందులో చికిత్స రక్తాన్ని పలుచన చేసే హెపారినే. బాలింతకు వచ్చే తలనొప్పిని తేలిగ్గా తీసుకోకూడదన్న హెచ్చరిక ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ చేరవలసినది.

పక్షవాతంలా భ్రమింపజేసే జబ్బు ఒకటి ఈ ప్రాంతంలో సాధారణం. పంది బద్దెపురుగు గుడ్లు ఆహారంతోనో నీటితోనో కడుపులోకి చేరితే వాటి పిల్లదశ మెదడులో తిత్తిగా స్థిరపడి మూర్ఛ తెప్పిస్తుంది (చూ. న్యూరోసిస్టిసర్కోసిస్). మూర్ఛ ఆగాక కొన్ని గంటల పాటు ఒక పక్క పడిపోవచ్చు. సీటీలో ఉంగరంలా మెరిసే చిన్న మచ్చ కనిపిస్తుంది. క్షయ గడ్డ నుంచి దాన్ని వేరుచేసే ప్రమాణాలను చిత్తూరుకు పొరుగునే ఉన్న వెల్లూరు సీఎంసీలో వేదాంతం రాజశేఖర్, మాథ్యూ చాండీ రూపొందించారు. దేశంలో మొదటి న్యూరోసర్జరీ విభాగాన్ని 1949లో జేకబ్ చాండీ నెలకొల్పింది కూడా ఆ ఆసుపత్రిలోనే.

దూరం నుంచి స్కాన్ చదవడం: అరగొండ

యంత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు, చిత్రాన్ని చదివే మనిషి కావాలి. ఈ చిక్కుకు భారతదేశంలో తొలి జవాబుల్లో ఒకటి చిత్తూరు జిల్లాలోనే పుట్టింది. అపోలో ఆసుపత్రుల వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామం అరగొండలో 50 పడకల ఆసుపత్రి పెట్టి, సీటీ యంత్రాన్ని కూడా అమర్చారు. ఆ పల్లె ఆసుపత్రి నుంచి చిత్రాలను దూరనగరాల నిపుణులకు పంపే టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చి 24న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించాడు. న్యూరోసర్జన్ కె. గణపతి ఈ ప్రయత్నానికి సారథి. 2001లో ఇస్రో తన టెలిమెడిసిన్ ప్రయోగాత్మక పథకాన్ని అరగొండను ఉపగ్రహం ద్వారా చెన్నై అపోలోతో కలిపి మొదలుపెట్టింది.

ఈ పద్ధతిని పక్షవాతానికి ప్రత్యేకంగా వాడటాన్ని టెలిస్ట్రోక్ అంటారు. 1999లో అమెరికాలో ఈ ప్రతిపాదన వచ్చింది. హిమాచల్ ప్రదేశ్‌లో జిల్లా ఆసుపత్రుల వైద్యులు సీటీ చిత్రాలను ఫోనులో న్యూరాలజిస్టులకు పంపి, వాళ్ల సలహాతో అక్కడికక్కడే మందు ఇచ్చే ఏర్పాటు నడిచింది. కొండల రాష్ట్రంలో సాధ్యమైనది కోస్తా రహదారి మీది పట్టణాల్లో కాకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు. ఉపగ్రహం అవసరం కూడా ఇప్పుడు లేదు.

తడ పరిస్థితి

పులికాట్ సరస్సు అంచున, చెన్నై–కోల్‌కతా జాతీయ రహదారి 16 మీద ఉన్న తడ, 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనతో నెల్లూరు నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. పక్కనే శ్రీసిటీ పారిశ్రామిక ప్రాంతం, ఉత్తరాన సూళ్లూరుపేట, ఆవల శ్రీహరికోట. తిరుపతి, చెన్నై రెండూ వంద కిలోమీటర్ల లోపు దూరంలోనే ఉన్నాయి. తిరుపతిలో ఎస్వీ వైద్య కళాశాలకు అనుబంధమైన రుయా ఆసుపత్రి, 1986లో శంకుస్థాపన జరిగి 1995లో విశ్వవిద్యాలయ హోదా పొందిన స్విమ్స్ ఉన్నాయి. న్యూరాలజిస్టు బి. వెంగమ్మ స్విమ్స్‌కు డైరెక్టరుగా, వైస్ ఛాన్సలరుగా పనిచేశారు.

దారి మంచిదైనా గంటన్నర, రెండు గంటలు ప్రయాణానికే పోతాయి. నాలుగున్నర గంటల గడువులో ఇది పెద్ద భాగం. పెద్ద ఆసుపత్రి పేరు చూసి బయలుదేరే ముందు ఎక్కడ సీటీ ఉంది, ఎక్కడ గడ్డ కరిగించే మందు ఇస్తారు అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిసి ఉండాలి. 108 సిబ్బందిని అడగాల్సినదీ ఇదే. సీటీ లేని చోట ఆగి సెలైను ఎక్కించుకుని మళ్లీ బయలుదేరడం వల్ల పోయే గంట తిరిగి రాదు. దగ్గరలో సీటీ ఉన్నచోట స్కాన్ తీసి, మందు మొదలుపెట్టి, పెద్ద నాళం మూసుకుపోయిందని తేలితే థ్రాంబెక్టమీ చేయగల కేంద్రానికి పంపే పద్ధతిని అనేక దేశాలు అనుసరిస్తున్నాయి. రోగిని చివరిసారి బాగుండగా చూసినవాళ్లు వెంట వెళ్లాలి, లేదా వాళ్ల ఫోను నంబరు వైద్యులకు అందాలి. ఆ సమయం తెలియకపోతే సాదా సీటీ ఎంత బాగా వచ్చినా మందు ఇవ్వడానికి వైద్యులు వెనకాడతారు.

పలమనేరు ప్రాంతంలోని విరూపాక్షపురం మూలికావైద్యానికి పక్షవాత రోగులు చాలాకాలంగా దూరప్రాంతాల నుంచి వస్తున్నారు. ఏ వైద్యాన్ని నమ్మినవారైనా తొలి గంటలు స్కాన్‌కు కేటాయించడం అవసరం. కారుతున్న రక్తాన్నీ మూసుకున్న నాళాన్నీ వేరుచేయగల నాడి పరీక్ష ఏదీ లేదు.

యంత్రం రోగి దగ్గరికి

స్కాన్ దగ్గరికి రోగి రావడానికి బదులు రోగి దగ్గరికే స్కాన్ వెళ్లే ఆలోచనను జర్మనీలోని హోంబుర్గ్‌లో క్లౌస్ ఫాస్‌బెండర్ 2003లో ప్రతిపాదించి, 2008లో అమలుచేశాడు. అంబులెన్సులోనే చిన్న సీటీ యంత్రం, రక్తపరీక్షలు, మందు ఉంటాయి. మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇలాంటి వాహనాన్ని అస్సాంలో నడిపింది. సీటీ చిత్రాల్లో రక్తస్రావాన్ని, మూసుకున్న నాళాన్ని గుర్తించి వైద్యుడి ఫోనుకు హెచ్చరిక పంపే కృత్రిమ మేధ సాఫ్ట్‌వేర్లు కూడా వాడుకలోకి వచ్చాయి. అవి రేడియాలజిస్టు వరుసలో ఏ చిత్రాన్ని ముందు చూడాలో చెప్పడానికి బాగా పనికొస్తాయి. తుది నిర్ణయం చూసే వైద్యుడిదే.

పరిమితులు, జాగ్రత్తలు

ఒక తల సీటీతో శరీరానికి అందే రేడియేషన్ సుమారు 2 మిల్లీసీవర్టులు. ప్రకృతి నుంచి మనిషికి ఏడాదిలో అందేదానికి ఇది దగ్గర. పక్షవాతపు అనుమానం ఉన్నప్పుడు ఈ కారణంతో స్కాన్ మానుకోవడం సరికాదు. గర్భిణికి తల సీటీ తీసినా బిడ్డకు చేరేది అత్యల్పం. కాంట్రాస్టుకు అలర్జీ ఉన్నవారు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ముందుగా చెప్పాలి. అయినా పెద్ద నాళపు అనుమానం బలంగా ఉంటే మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రిపోర్టు వచ్చేదాకా ఆంజియోగ్రామ్ ఆపవద్దన్నది ఇప్పటి మార్గదర్శకం.

తొలి స్కాన్‌తో పని ముగియదు. గడ్డ కరిగించే మందు ఇచ్చిన 24 గంటలకు మళ్లీ స్కాన్ తీసి, రక్తస్రావం లేదని చూశాకే ఆస్పిరిన్ వంటివి మొదలుపెడతారు. మధ్యలో రోగికి మగత కమ్మినా, తలనొప్పి పెరిగినా, వాంతి అయినా ఆ 24 గంటల కోసం ఆగరు. మందు ఇంకా ఎక్కుతుంటే ఆపి, వెంటనే సీటీకి పంపుతారు.